వీడియో చూసి సారె మీద గిన్నె

మట్టి గిన్నె చేయడం నేర్పే వీడియో పెట్టగానే ముందు చూడాల్సింది కుమ్మరి సారె ఏ వైపు తిరుగుతోందన్నది. పాశ్చాత్యుల పాఠాల్లో ఎక్కువగా గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది, జపాన్ వాళ్లది ముల్లు తిరిగే వైపే. మొదటిదైతే గోడ లేపే వేళ్లు గిన్నెకు కుడి పక్కన ఉండాలి, రెండోదైతే ఎడమ పక్కన. ఇది తారుమారైతే మట్టి వేళ్లకు ఎదురొస్తుంది.

నేర్చుకునేవాళ్లకు అర కిలో మట్టి చాలు. గాలి బుడగలు పోయేలా బాగా పిసికి, సారె వేగంగా తిప్పుతూ ముద్దను నడిమికి తేవాలి. మోచేతులు తొడలకు ఆనించండి, ఆసరా లేని చేతిని మట్టి ఊపేస్తుంది. నడిమికి వచ్చిందో లేదో వేలికే తెలుస్తుంది: ముద్దకు ఆనించిన వేలు అదరకూడదు. ఇది కుదరకుండా ముందుకెళ్తే గోడ ఒకవైపు మందం, ఇంకోవైపు పల్చన.

అడుగున సెంటీమీటరు వదిలి గుంట చేశాక, ఆ అడుగును మధ్య నుంచి అంచుకు, మళ్లీ మధ్యకు గట్టిగా అదమాలి. చాలా వీడియోలు దీన్ని చిటికెలో దాటేస్తాయి, నాకు అస్సలు నచ్చనిది అదే. అదమకపోతే ఆరేటప్పుడు అడుగున ఎస్ ఆకారంలో పగులుతుంది. లోపల నిలిచిన నీళ్లు స్పాంజితో తీసేయాలి.

గోడను ముందు నిటారుగా లేపి, చివర్లోనే విప్పాలి. ముందే విచ్చుకుంటే తన బరువుకే కూలుతుంది.

వేళ్లు ఎంత నొక్కాలో వీడియోలో కనిపించదు. అందుకే బాగా వచ్చిన గిన్నెనైనా తీగతో నిలువునా కోసి చూడండి. గోడ కింది భాగంలో మట్టి లావుగా మిగిలిందంటే, వేళ్లు మరీ పైనుంచి లేపడం మొదలుపెట్టాయన్నమాట.