చెవి పైభాగాన మరో కుట్టు

మా అమ్మాయికి 11వ నెలలో తెనాలిలో చెవులు కుట్టించాము. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోగా కంసాలి సన్నని బంగారు తీగతో కుట్టాడు, మా అమ్మ పసుపు కలిపిన కొబ్బరినూనె రాసింది. 15వ ఏట న్యూజెర్సీలో అదే పిల్ల చెవి పైభాగాన కూడా కుట్టించుకుంటానని అడిగినప్పుడు, అది ఇక్కడి పిల్లల పోకడ అనుకుని వద్దన్నాను. ఫోనులో మా అమ్మ నవ్వి, తన తల్లి సరిగ్గా ఆ చోటనే బావిలీలు పెట్టుకునేదని గుర్తుచేయడంతో నా అభ్యంతరంలో సగం అక్కడే పోయింది.

మిగిలిన సగం మాత్రం న్యాయమైనదే. చెవి తమ్మె మెత్తని కండ కాబట్టి 6 నుంచి 8 వారాల్లో మానుతుంది. పైభాగం మృదులాస్థి, అంటే వంగే మెత్తని ఎముక వంటిది, దానికి సొంత రక్తనాళాలు లేవు, చుట్టూ ఉన్న పొర నుంచే పోషణ అందాలి. అందువల్ల మానడానికి 6 నెలల నుంచి ఏడాది పట్టవచ్చు; చీము పడితే మందు అక్కడికి సరిగా చేరక చెవి ఆకారమే ముడుచుకుపోయే ప్రమాదం ఉంది. మాల్‌లో గన్‌తో కుట్టే దుకాణం వద్దని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే: గన్ మొద్దు కమ్మీని బలంగా తోసి మృదులాస్థిని నలిపేస్తుంది, పైగా ప్లాస్టిక్ భాగాలున్న గన్‌లను ఆటోక్లేవ్‌లో, అంటే పీడనంతో కూడిన వేడి ఆవిరి యంత్రంలో, శుద్ధి చేయలేరు.

పియర్సింగ్ స్టూడియోలో ఒకసారి మాత్రమే వాడే బోలు సూది ప్యాకెట్టును మా ఎదుటే విప్పారు. పెట్టే నగ, శరీరం లోపల అమర్చే ఇంప్లాంట్లకు వాడే ఏఎస్‌టీఎం ఎఫ్136 ప్రమాణపు టైటానియందేనా అని అడిగి తెలుసుకున్నాను, ఎందుకంటే చవక లోహాల్లోని నికెల్ చాలామందికి పడదు. మా అక్కకు కుట్టిన చోట కీలాయిడ్ గడ్డ (మితిమీరి పెరిగే మచ్చ) వచ్చిన సంగతి కూడా ముందే చెప్పి, పిల్లల వైద్యురాలి సలహా తీసుకున్నాకే వెళ్లాము. 18 ఏళ్లు నిండని పిల్ల కాబట్టి తల్లి సమ్మతి కావాలన్నారు. నా ఇంటిపేరు, దాని ఇంటిపేరు వేరు కావడంతో జనన ధ్రువపత్రం చూపించి తల్లినని రుజువు చేసుకోవలసి వచ్చింది.

అసలు తగవు ఇంటికి వచ్చాక మొదలైంది. పసుపు, నూనె రాసి రోజూ కమ్మీని తిప్పకపోతే అతుక్కుపోతుందని మా అమ్మ. తిప్పితే లోపల కొత్తగా ఏర్పడే చర్మం చిరుగుతుందని, చేతులు కడుక్కుని రోజుకు రెండుసార్లు 0.9 శాతం ఉప్పుద్రావణం చిమ్మితే చాలని, స్పిరిట్ కూడా వద్దని స్టూడియోవారి కాగితం. నేను కాగితం వైపే నిలిచాను, అమ్మ రెండు రోజులు ముభావంగా మాట్లాడింది. ఆ వైపు తిరిగి పడుకోకూడదు, ఈతకొలనులో దిగకూడదు. కూచిపూడి ప్రదర్శనలో మాటీలు తగిలించకుండా ఒప్పించడానికి గురువుగారితో నేనే మాట్లాడాను. వాపు కోసం మొదట పెట్టిన పొడవాటి కమ్మీని 6వ వారంలో స్టూడియోలోనే పొట్టిదానితో మార్పించాము. తెల్లగా ఊరి ఎండే ద్రవం మామూలేనట. ఎరుపు చుట్టూ పాకడం, వేడి, సలుపు, పచ్చని చీము, జ్వరం కనబడితే మాత్రం వైద్యుని దగ్గరకు వెళ్లాలి, ఈలోగా నగను మనంతట మనం తీసేస్తే రంధ్రం మూసుకుని చీము లోపలే నిలిచిపోవచ్చు.

ఇంతలో అమ్మ తన తల్లి బావిలీలను తెలిసినవారి చేత పంపింది. 22 క్యారెట్ల బంగారం మరీ మెత్తనిదనీ, దాని మీద పడే గీతలు మానని పుండును రాపిడి పెడతాయనీ, ఏడాది నిండాక తెస్తే చూద్దామనీ స్టూడియోవారు తిప్పి పంపారు. మా అమ్మాయి వాటిని దూదిలో చుట్టి బల్ల సొరుగులో పెట్టుకుంది. చెవి కుట్టించి ఇప్పుడు తొమ్మిదో నెల నడుస్తోంది.