రైలు రాని ఊరు నికోడెమస్

డెన్వర్‌కి కారులో వెళ్తున్నామంటే అమెరికాలో కాన్సస్ రాష్ట్రం తూర్పు అంచున ఉన్న మా ఓవర్‌ల్యాండ్ పార్క్ తెలుగువాళ్లంతా ఇచ్చే సలహా ఒకటే: కాన్సస్‌ని రాత్రిపూట దాటేయండి, దారిలో చూడ్డానికి ఏమీ లేదు. ఏళ్ల తరబడి వింటున్నా, ఆ మాటంటే నాకు ఒళ్లు మంట. అన్నేసి మంది బతుకుతున్న నేలని పట్టుకుని ఏమీ లేదంటే ఎలా?

డెన్వర్ గురించి రాయను. కొండల ఫొటోలు అందరి దగ్గరా ఉన్నాయి, పార్కింగుకి పోసిన డబ్బు తలుచుకోకపోవడమే మేలు. తిరుగు ప్రయాణంలో వాకీనీ దగ్గర ఐ-70 హైవే దిగి ఉత్తరానికి, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్లు కట్టుకున్న నికోడెమస్ అనే ఊరికి పోదామని పట్టుబట్టాను. మా ఆయన ముఖం మాడ్చుకున్నా కారు తిప్పారు. హిల్ సిటీ నుంచి 24వ నంబరు హైవే మీద తూర్పుకి వెళ్లాం. కోత అయిపోయిన గోధుమ మళ్లు, వాటి పక్కనే మోకాలెత్తు జొన్న చేలు. ఇక్కడ జొన్న ఎక్కువగా పశువుల దాణాకీ, ఇథనాల్‌కీ పోతుంది. గాలి కారుని పక్కకి నెడుతూనే ఉంది.

నికోడెమస్‌లో ఇప్పుడు పట్టుమని పాతిక మంది కూడా ఉండరు. ఊరి మధ్య 1939లో కట్టిన టౌన్‌షిప్ హాలుంది. లేతపసుపు సున్నపురాయి గోడలు, చెయ్యి పెడితే గరుకుగా, ఎండకి కాలి వెచ్చగా ఉన్నాయి. 1996లో ప్రభుత్వం ఊరిని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. హాల్లో ఒక పెద్దావిడ మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. వాళ్ల పూర్వీకులు ఇక్కడ మొదట దిగినవాళ్లలో ఉన్నారట. అరగంటలో బయల్దేరాలనుకున్నవాళ్లం, ఆవిడ మాటల్లో పడి మధ్యాహ్నమంతా ఉండిపోయాం.

1877లో కెంటకీలో కరపత్రాలు పంచారు. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్లకి కాన్సస్‌లో సొంత ఊరు, సొంత భూమి అని వాటి సారాంశం. ఈ ఊరు కట్టడానికి కంపెనీ పెట్టిన వాళ్లలో డబ్ల్యు.హెచ్. స్మిత్ నల్లజాతీయుడు, డబ్ల్యు.ఆర్. హిల్ తెల్లవాడు. నమ్మి వచ్చినవాళ్లు ఎల్లిస్‌లో రైలు దిగి, అక్కడి నుంచి రెండు రోజులు ప్రయాణం చేస్తే ఊరు కనిపించలేదు. చెట్టే లేని చోట కలపెక్కడిది? నేల తవ్వుకుని బొరియల్లాంటి ఇళ్లలో ఉన్నారు. 1878 వసంతంలో వచ్చిన విలియానా హిక్‌మన్ ఊరేదని అడిగితే, నేలలోంచి లేస్తున్న పొగలు చూపించి అదే నికోడెమస్ అన్నాడట భర్త. ఆమె ఏడ్చేసింది. అప్పటికే వాళ్ల గుంపులో తట్టు సోకి ఎల్లిస్‌లో పిల్లలు చనిపోయారు. ఇది వింటూ మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మరి వెనక్కి వెళ్లిపోలేదా?" అని అడిగింది. వెళ్లిపోయినవాళ్లు చాలామందే ఉన్నారంది పెద్దావిడ. మిగిలినవాళ్లకి తొలి చలికాలంలో తిండి లేకపోతే, వేట నుంచి తిరిగొస్తున్న ఓసేజ్ అనే అక్కడి ఆదివాసీ తెగవాళ్లు మాంసం పంచారు. తర్వాత పొలాలు లేచాయి, చర్చిలు, హోటలు, బడి వచ్చాయి. జెన్నీ ఫ్లెచర్ పిల్లలకి చదువు చెప్పింది, పోస్టాఫీసు చూసింది. ఇక్కడ స్థిరపడ్డ ఎడ్వర్డ్ మెక్‌కేబ్ 1882లో రాష్ట్ర ఆడిటర్‌గా, అంటే ప్రభుత్వ లెక్కలు చూసే పదవికి, ఎన్నికల్లో గెలిచాడు. బానిసత్వం పోయి ఇరవై ఏళ్లు కూడా కాలేదప్పటికి!

దెబ్బ కొట్టింది రైలు. దాన్ని రప్పించుకోవడానికి అప్పు చేసి డబ్బివ్వాలని, అప్పు బాండ్లకి కూడా ఊరు ఓటేసింది. 1888లో యూనియన్ పసిఫిక్ పట్టాలు సాలమన్ నది అవతల ఆరు మైళ్ల దూరంలో పడ్డాయి, అక్కడ బోగ్ అనే కొత్త ఊరు పుట్టింది. వ్యాపారాలన్నీ అటు తరలిపోయాయి. నాకు మా ఊరు గుర్తొచ్చింది. బైపాస్ పడ్డాక పాత రోడ్డు మీద మా మావయ్య టిఫిన్ హోటల్లో మధ్యాహ్నానికి కూడా ఇడ్లీలు మిగిలిపోయేవి. రెండేళ్లు లాగి మూసేశాడు. తప్పు ఆయనదీ కాదు, ఇడ్లీలదీ కాదు.

కానీ నికోడెమస్ మూతపడలేదు. ఏటా జులై ఆఖరి వారాంతంలో ఎక్కడెక్కడి వారసులో తిరిగొచ్చి పండగ చేసుకుంటారు. ఆ నాలుగు వీధులూ నిండిపోతాయని చెబుతున్నప్పుడు ఆవిడ ముఖం చూడాలి! ఎండు చేపలా ఊరు ఎండిపోయిందని రాసేవాళ్లు ఆ రోజుల్లో వచ్చి చూడాలి అనిపించింది నాకు.

ఊళ్లో భోజనం దొరకలేదు. హేస్‌లో మోటెల్ గది అద్దె వింటే కళ్లు తిరిగాయి, అయినా పిల్లలు సోలిపోతున్నారని తీసుకున్నాం. తీసుకెళ్లిన పులిహోరే ఆ పూట గడిపింది. మర్నాడు రస్సెల్ దాకా కంచెల్లో రాతి స్తంభాలు కనిపించాయి. కర్ర దొరక్క సున్నపురాయిని చీల్చి నాటినవి. మా ఆయన కారాపి ఒకదాన్ని దగ్గర నుంచి చూశారు, పక్కల్లో ఉలి దిగిన గుంతలు వరసగా ఉన్నాయి. వచ్చే జులై ఆఖరికి సెలవు పెట్టమని అప్పుడే అడిగాను. పెడతానన్నారు.