నాన్న పాలసీలో నాయనమ్మ పేరు

నాన్న పోయాక మొదట కావలసి వచ్చింది మరణ ధ్రువీకరణ పత్రం. 21 రోజుల్లోపు నమోదైతే ఆలస్య రుసుము ఉండదు. ఆసుపత్రి నుంచే మున్సిపాలిటీకి సమాచారం వెళ్లడంతో అది త్వరగానే చేతికొచ్చింది. చిక్కంతా పేరుతోనే. ఆధార్‌లో నాన్న ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాన్‌లో పొడి అక్షరమే ఉంది, ఇంటి దస్తావేజులోనేమో పేరు చివర ‘రావు’ లేదు. ఈ ముగ్గురూ ఒక్కరేనని నోటరీ అఫిడవిట్ రాయించి ప్రతి దరఖాస్తుకూ జతచేశాం. అది లేకుండా ఏ కౌంటరు దగ్గరా పని కదిలేది కాదు.

తర్వాత కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం. అమ్మ, తమ్ముడు, నేను, అంతే కదా అని ఇంట్లో అందరి లెక్క. విచారణకు వచ్చిన వీఆర్వో వరండాలో నులక మంచం మీద ఒత్తులు చేసుకుంటున్న నాయనమ్మను చూసి ఆగారు.

“ఈమె ఎవరమ్మా?”

“నాన్నగారి అమ్మండీ.”

“మరి ఆమె పేరేదీ?”

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా మగవాడు చనిపోతే, అతని స్వార్జితంలో భార్యాపిల్లలతో పాటు తల్లికీ సమాన వాటా ఉంటుంది. తండ్రికి మాత్రం ఆ వరుసలో చోటు లేదు. అంటే నాన్న కట్టిన ఇంట్లో నాయనమ్మది నాలుగో వంతు. ఆమెకు చెబితే, “నాకెందుకే ఆ గొడవ” అని మళ్లీ పత్తి అందుకుంది.

అసలు గొడవ బీమా దగ్గర వచ్చింది. నాన్న పెళ్లికి ముందే తీసుకున్న పాలసీ అది, నామినీ నాయనమ్మ. పెళ్లయింది, మేం పుట్టాం, ఇల్లు కట్టారు. ఆ కాగితం జోలికి మాత్రం ఎవరూ పోలేదు. “నెలనెలా చీటీ డబ్బులోంచి ప్రీమియం కట్టింది నేను” అని అమ్మ ఒక్క మాట అని ఊరుకుంది. ఆ మౌనాన్ని భరించడం కన్నా ఆఫీసుల చుట్టూ తిరగడమే నయమనిపించింది. బ్యాంకు డిపాజిట్‌కు నామినీ అంటే వారసుల తరఫున డబ్బు అందుకునే మనిషి మాత్రమే. బీమా సంగతి వేరు. 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులో, భార్యో, భర్తో, పిల్లలో నామినీ అయితే సొమ్ముపై హక్కు వాళ్లదేనని చట్టం అంటోంది. కాబట్టి చెల్లింపు నాయనమ్మ ఖాతాలోకే రావాలి. ఆ ఖాతా చూస్తే ఏళ్ల తరబడి వాడక నిద్రాణమై ఉంది. ముందు దానికి కేవైసీ చేయించి, ఆ తర్వాతే క్లెయిము పెట్టాం. డబ్బు పడ్డాక, ఎవరూ అడగకుండానే నాయనమ్మ అమ్మ పేరుకు చెక్కు రాయించి వేలిముద్ర వేసింది.

అమ్మానాన్నల ఉమ్మడి ఖాతా మాత్రం ఇద్దరిలో ఎవరైనా నడపగలిగే రకం కావడంతో ఏ ఇబ్బందీ రాలేదు. చివరి ఏడాది ఆదాయపు పన్ను రిటర్ను వారసుల తరఫున వేయాలి. దానికి పోర్టల్‌లో వారసురాలిగా నేను నమోదయ్యాను.

మిగిలింది ఇల్లు. మున్సిపాలిటీలో ఆస్తి పన్ను పేరు మారితే ఇల్లు అమ్మదైపోయినట్టేనని చాలామంది చెప్పారు. కాదు. పన్ను రసీదు యాజమాన్య హక్కు ఇవ్వదు. నాయనమ్మ, తమ్ముడు, నేను మా వాటాలు వదులుకుంటూ అమ్మ పేరిట హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించాలి. మెట్లెక్కలేని నాయనమ్మను రిజిస్ట్రేషన్ ఆఫీసుకెలా తీసుకెళ్లాలా అని తమ్ముడు బెంగపెట్టుకున్నాడు. కదల్లేని వాళ్ల కోసం సబ్ రిజిస్ట్రారు ఇంటికే వచ్చే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలో ఉందని దస్తావేజు లేఖరి చెప్పారు. దానికి విడిగా రుసుము కట్టి, డాక్టరు సర్టిఫికెట్‌తో దరఖాస్తు పెట్టాం. వాళ్లు వచ్చే రోజుకు నాయనమ్మ తన జరీ అంచు చీర తీసిపెట్టమంది.