గాడిద వేషం

"గాడిద వేషమైతేనే వేస్తాను, లేకపోతే అసలు నాటకంలోనే ఉండను" అని మా ఏడేళ్లవాడు కంచం ముందు కూర్చుని తేల్చి చెప్పాడు. క్రిస్మస్‌కు బడిలో వేసే యేసు పుట్టుక నాటకంలో వాడికి వచ్చింది ఆ వేషమే. వాడికి తెలియకుండా నేను టీచరుగారికి ఈమెయిల్ రాసి, వీలైతే గొర్రెల కాపరి వేషం ఇప్పించమని అడిగాను. ఆ సంగతి బయటపడింది. బడి పండుగల్లో పిల్లలను కలవనివ్వాలని ఆదివారం తెలుగు తరగతి దగ్గర తోటి తల్లులకు హితబోధ చేసేదాన్ని నేనే. కానీ వీడియో కోసం ఎదురుచూసే అమ్మమ్మకు, మీ మనవడు గాడిద అని ఎలా చెప్పను? రోజుకు నాలుగుసార్లు వాణ్ణి నేనే ఆ మాటతో తిడతానన్నది అప్పుడు గుర్తుకు రాలేదు.

అలక తీర్చడానికి శనివారం లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నేషనల్ గ్యాలరీకి తీసుకువెళ్లాను. పైసా టికెట్టు లేదు కదా. అక్కడ ఇటలీ చిత్రకారుడు పియెరో డెల్లా ఫ్రాంచెస్కా 15వ శతాబ్దపు ద్వితీయార్ధంలో గీసిన యేసు జనన చిత్రం ఉంది. అందులోని కాపరులు ఎంత హుందాగా ఉంటారో చూపించాలన్నది నా ఎత్తు. పసివాడు తొట్టెలో కాక, నేలమీద పరుచుకున్న తల్లి నీలివస్త్రపు అంచుమీద పడుకుని ఆమె వైపు చేతులు చాస్తున్నాడు. వెనుక రెక్కలు లేని అయిదుగురు దేవదూతలు వాద్యాలు మీటుతూ పాడుతున్నారు. మావాడు వాళ్లెవరినీ చూడలేదు. "అమ్మా, గాడిద కూడా పాడుతోంది" అన్నాడు. నిజమే, ఎద్దు తల దించుకుని ఉంటే, పక్కన గాడిద మోర ఎత్తి, నోరు తెరిచి ఓండ్ర పెడుతోంది. నేను నమ్ముకున్న కాపరుల సంగతా? పూర్వం అతిగా శుభ్రం చేయడంవల్ల ముఖాలు చెరిగిపోగా, 2022లో ముగిసిన మరమ్మతులో వాటిని మళ్లీ దిద్దవలసివచ్చింది.

ఏది చూసినా మన కథ ఒకటి అతికించకపోతే నాకు తోచదు. కృష్ణుడు పుట్టినప్పుడు గాడిద అరిస్తే కంసుడికి తెలిసిపోతుందని, వసుదేవుడంతటివాడు దాని కాళ్లు పట్టుకున్నాడని చెప్పాను. ఇది భాగవతంలో లేదు, జనం నోళ్లలో నానిన కథ. అందుకే కాబోలు నాకు బాగా వచ్చు. వాడు కాసేపు ఆలోచించి, "మరి ఇక్కడ దాన్ని ఎవరూ ఆపలేదేం?" అన్నాడు. ఇక్కడ ఏ కంసుడూ లేడని అనబోయి, పసిపిల్లలను చంపించిన హేరోదు గుర్తుకు వచ్చి ఊరుకున్నాను. భయం ఇక్కడా ఉంది, అయినా గాడిద పాడుతోంది. ఇంతకీ నేను ఏ కంసుడికి జడిసి ఆ ఈమెయిల్ రాశానో నాకే తెలియలేదు.

ఇంటికి వచ్చి టీచరుగారికి మరొకటి రాశాను. ఇప్పుడు బూడిదరంగు మేజోడు కత్తిరించి చెవులు కుడుతున్నాను. ఒకటి నిలబడింది, రెండోది ఎన్నిసార్లు కుట్టినా వాలిపోతోంది. అమ్మమ్మకు మాత్రం ఇంకా చెప్పలేదు.