డ్రిప్ పైపుకు లెక్క లేదట

నల్లగొండ దగ్గర మాది పాత ప్లాస్టిక్‌ను దానా (చిన్న గుళికలు) చేసే చిన్న మిషన్. మిర్యాలగూడ రైస్ మిల్లుల చినిగిన సంచులు, బత్తాయి తోటల్లో పీకేసిన డ్రిప్ పైపులు, మున్సిపాలిటీ పొడి చెత్త కేంద్రం (డీఆర్‌సీసీ)లో ఏరిన పాల కవర్లు కొని, కడిగి, కరిగించి దానా తీస్తం.

2022 ఫిబ్రవరిలో కేంద్రం ప్లాస్టిక్ ప్యాకింగ్‌కు ఈపీఆర్ (చెత్త బాధ్యత తయారుచేసిన కంపెనీదే అనే పద్ధతి) మార్గదర్శకాలు తెచ్చింది. కవర్లలో సరుకు అమ్మే కంపెనీ, అంత ప్లాస్టిక్ రీసైకిల్ అయినట్టు చూపాలె. తాను చేయలేదు గనుక మాలాంటోళ్ల దగ్గర సర్టిఫికెట్ కొంటది. ఒక ఏజెంటు వచ్చి ఇదంతా చెప్పి, "కాలుష్య మండలి పోర్టల్‌ల పేరు ఎక్కించు అన్నా, టన్నుల లెక్కన కొంటం" అన్నడు. ఆశ పుట్టింది.

కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సీఎఫ్‌వో (మిషన్ నడిపే అనుమతి) ముందే ఉంది. జీఎస్టీ, పాన్, కరెంటు బిల్లు, మిషన్ల కెపాసిటీ అన్నీ పెట్టినం. దరఖాస్తు తిరిగొచ్చింది. కారణం ఫొటో! జియో ట్యాగ్ ఫొటోలు తమ్ముడు తీసిండు. ఫోన్ ఇంకా ఇంటి లొకేషన్‌నే పట్టుకొని ఉన్నట్టుంది, గ్రైండర్ బొమ్మ మీద మా ఇంటి అడ్రస్ పడ్డది. మళ్ల తీసి పెట్టినం. తనిఖీకి వచ్చిన సారు మిషన్ల కంటే కడిగిన నీళ్లు ఎటు పోతున్నయో ఎక్కువ చూసిండు. మూడు గుంతల్లో మడ్డి దిగినంక ఆ నీళ్లే మళ్ల వాడుతమని చూపించినం.

రిజిస్ట్రేషన్ వచ్చినంక అసలు తిప్పలు మొదలైనయి. కొన్నది, అమ్మింది రెండూ పోర్టల్‌ల ఎక్కియ్యాలె. 2023ల వేరే రాష్ట్రాల్లో లక్షల నకిలీ సర్టిఫికెట్లు బయటపడ్డయి, అందుకే అడుగుడు ఎక్కువైందని నా అనుమానం. మాకు పాత సామాన్లు తెచ్చేటాయనను బిల్లు అడిగితే, "బిల్లేంది శేటూ, కాంటా చీటీ ఉంది తీస్కో" అన్నడు. 2021 అక్టోబరు నుంచి ప్లాస్టిక్ తుక్కు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతమైంది. ఇగ ఆయన బిల్లు జోలికి ఎందుకొస్తడు?

ఇంకోటి నేను ముందే చదువుకోవాల్సింది. ఆ సర్టిఫికెట్ ప్యాకింగ్ ప్లాస్టిక్‌కే. బియ్యం సంచి లెక్కలకొస్తది, డ్రిప్ పైపు రాదు. మా షెడ్డుల బరువంతా పైపులదే.

అనుకున్నదాంట్ల సగం కూడా సర్టిఫికెట్లు రాలేదు. నిన్న ఒక రైతు ట్రాలీ నిండ పైపులు తెచ్చిండు. దించుకున్నం.