నమస్తామ్రాయ చారుణాయ చ: పానగల్లు నీడలో గ్రహణ చింతన

శివాభిషేక వేళ చదివే వేదభాగం శ్రీరుద్ర నమకం. అందులోని ఎనిమిదో అనువాకం, అంటే ఎనిమిదో విభాగం, ‘నమః సోమాయ చ రుద్రాయ చ నమస్తామ్రాయ చారుణాయ చ’ అని మొదలవుతుంది. సోమునికి, రుద్రునికి, రాగివన్నె కలవానికి, అరుణవర్ణునికి నమస్కారమని దాని తాత్పర్యం. ఉమతో కూడిన శివుడే సోముడని, ఉదయించే క్షణంలో మిక్కిలి ఎర్రగా కనిపించే సూర్యుని రూపంలో ఉన్నవాడు తామ్రుడని, పొద్దు కాస్త పైకి వచ్చి ఎరుపు తగ్గినప్పటి రూపంలో ఉన్నవాడు అరుణుడని భాష్యకారులు చెప్పారు. ఆ అర్థం నాకు శిరోధార్యం. అయితే సోముడు అన్నది చంద్రుని పేరు కూడా కావడం వల్ల, అభిషేక వేళ ఈ పంక్తి విన్నప్పుడల్లా, పున్నమి చంద్రునికీ ఉదయించే సూర్యుని ఎరుపుకీ ఒకే వాక్యంలో చోటు ఎలా కుదిరిందా అని మనసు ఆగేది. 2025 సెప్టెంబర్ 7, భాద్రపద పౌర్ణమి రాత్రి, సంపూర్ణ చంద్రగ్రహణాన్ని చూసిన తరువాత ఆ పంక్తి నాకు కొత్తగా వినిపించడం మొదలైంది.

ఆ రాత్రి తొమ్మిది గంటల యాభై ఏడు నిమిషాలకు భూమి నిండునీడ చంద్రబింబం అంచును తాకింది. అక్కడి నుంచి దాదాపు గంటసేపు జరిగింది కేవలం తరుగుదల. తెల్లని బింబాన్ని ఒక నల్లని వంపు కొద్దికొద్దిగా కప్పుకుంటూ పోయింది, ఆ నలుపు పక్కన మిగిలిన తెలుపు కళ్ళకు మరింత తీవ్రంగా తోచింది. పదకొండు గంటలకు బింబమంతా నీడలోకి వెళ్ళిపోయాక మాత్రం, మబ్బు విడిచినప్పుడల్లా కనిపించింది చీకటి కాదు. తోమి కొన్నాళ్ళు పక్కన పెట్టిన రాగి చెంబు రంగులో, గుండ్రంగా, లోతుగా, అంతకుముందు బల్లపరుపు బిళ్ళలా ఉన్న చంద్రుడు అప్పుడే నిజమైన గోళంలా కనిపించాడు. పన్నెండు గంటల ఇరవై రెండు నిమిషాల దాకా, అంటే ఎనభై రెండు నిమిషాల పాటు, ఆకాశంలో ఉన్నది ఆ తామ్రబింబమే.

పూర్తిగా నీడలో ఉన్న వస్తువు ఎర్రగా ఎందుకు కనపడాలన్న ప్రశ్నకు విజ్ఞానశాస్త్రం చెప్పే సమాధానం, నా మటుకు నాకు, ఒక భాష్యమంత విలువైనది. సూర్యునికీ చంద్రునికీ మధ్య భూమి అడ్డు వచ్చినప్పుడు సూర్యకాంతి చంద్రుని మీద నేరుగా పడదు. కానీ భూమి చుట్టూ వాయుమండలం ఒక పలుచని పొరలా ఉంది కదా, ఆ పొర గుండా పోయే కిరణాలు కొంచెం వంగి నీడలోపలికి చేరుతాయి. దారిలో నీలికాంతి గాలిలో చెదిరిపోతుంది, ఎరుపు మిగులుతుంది. ఉదయం, సాయంత్రం సూర్యుడు మనకు ఎర్రగా కనిపించడానికి కారణం కూడా ఇదే. గ్రహణ సమయంలో చంద్రుని మీద నిలబడి భూమిని చూడగలిగితే, నల్లని భూగోళం చుట్టూ ఒక ఎర్రని వలయం కనిపిస్తుంది. 1967 ఏప్రిల్ 24న, చంద్రునిపై దిగి ఉన్న సర్వేయర్-3 అనే అమెరికా నౌక అటువంటి గ్రహణాన్ని అక్కడి నుంచి ఫోటోలు తీసింది. ఆ వలయంలో ఒకవైపున్నది ఆ క్షణాన భూమి మీద ఎక్కడెక్కడ తెల్లవారుతున్నదో అక్కడి ఉదయం, మరోవైపున్నది ఎక్కడెక్కడ పొద్దు గూకుతున్నదో అక్కడి సంధ్య. భూమి మీది ఉదయాలూ సంధ్యలూ అన్నీ ఒక్కసారిగా వెళ్ళి చంద్రునిపై వాలితే కలిగే రంగు అది. భాష్యకారులు తామ్ర, అరుణ నామాలను ఉదయించే సూర్యునికే చెప్పారని పైన అన్నాను. గ్రహణ చంద్రునిపై కనపడే తామ్రం కూడా అక్షరాలా ఉదయకాల సూర్యునిదే! వేదఋషి గ్రహణాన్ని ఉద్దేశించి ఈ పంక్తి పలికాడని నేను అనడం లేదు, అలా అనడానికి ఆధారమూ లేదు. సోముణ్ణి, తామ్రుణ్ణి, అరుణుణ్ణి వరుసగా తలచుకుని నమస్కరించడానికి గ్రహణ వేళను మించిన ధ్యానరూపం ఉపాసకునికి దొరకదన్నదే నా మనవి.

ఆ ఎరుపు ప్రతిసారీ ఒకేలా ఉండదు. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం పేలి ఆకాశంలోకి విపరీతంగా ధూళిని చిమ్మిన తరువాత, 1992 డిసెంబర్‌లో వచ్చిన గ్రహణంలో చంద్రుడు దాదాపు కనపడనంత నల్లబడ్డాడు. మన గాలి ఎంత శుభ్రంగా ఉంటే సోముడు అంత తామ్రంగా ఉంటాడన్నమాట.

నీడను గురించి ఇంత ఆలోచన నాకు కలగడానికి నేను నల్లగొండ జిల్లావాణ్ణి కావడం కూడా ఒక కారణం. పట్టణానికి కూతవేటు దూరంలోని పానగల్లులో, కందూరు చోడుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయం ఉంది. ఒకే మండపానికి మూడు గర్భాలయాలు ఉన్న త్రికూటం అది. వాటిలో సోమేశ్వరుని లింగం ఉన్న గర్భాలయంలో, లింగం మీదుగా వెనుక గోడ దాకా ఒక నిలువు నీడ పడుతుంది. పొద్దు తూర్పున ఉన్నా పడమటికి దిగినా ఆ నీడ తన చోటు వదలదు. దర్శనానికి వచ్చినవారు దేవునికి దండం పెట్టుకుని వెంటనే వెనుదిరిగి, ఆ నీడ ఏ స్తంభానిదో తేల్చుకోవాలని మండపంలో ఒక్కో స్తంభం దగ్గరా ఆగి చూస్తారు. తేలదు, ఎందుకంటే అది ఏ ఒక్క స్తంభానిదీ కాదు. ఎండ నేరుగా లోపల పడకుండా, చుట్టుపక్కల నుంచి పరావర్తనమై వచ్చే వెలుగు స్తంభాల నడుమ నుంచి పలువైపులా లోపలికి ప్రవేశించి, ఒక్క చోట మాత్రం తక్కువగా చేరడం వల్ల ఆ ఛాయ ఏర్పడుతుందని, నేరు ఎండతో సంబంధం లేదు కనుకనే సూర్యునితో పాటు కదలదని భౌతికశాస్త్రం తెలిసినవారు వివరించారు. ఈ వివరణ విన్నాక స్వామి మహిమ తగ్గిపోయిందని బాధపడినవారిని చూశాను. నాకు మాత్రం ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందట వెలుగు నడకను అంతగా గమనించిన స్థపతి మీద భక్తి పెరిగింది, ఆ గమనికను శివునికి నైవేద్యంగా పెట్టిన అతని మనసు మీద ఇంకా పెరిగింది. సోమేశ్వరుని సన్నిధిలో అతడు దీపస్తంభాన్ని కాక నీడను నిలిపాడు.

ఆకాశంలో సోముణ్ణి కప్పేదీ ఛాయే. ఈ మాటను క్రీ.శ. 499లోనే ఆర్యభటుడు ఆర్యభటీయంలోని గోళపాదంలో స్పష్టంగా చెప్పాడు: ‘ఛాదయతి శశీ సూర్యం శశినం మహతీ చ భూచ్ఛాయా’. సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడు, చంద్రుణ్ణి భూమి యొక్క పెద్ద నీడ కప్పుతుంది. చంద్రుని కక్ష్య, సూర్యుడు నడిచే దారికి సుమారు ఐదు డిగ్రీలు వాలి ఉండడం వల్ల ప్రతి పున్నమికీ గ్రహణం రాదు. ఆ రెండు దారులు ఖండించుకునే బిందువుల దగ్గర పున్నమి పడినప్పుడే వస్తుంది. మన జ్యోతిషం ఆ రెండు బిందువులనే రాహుకేతువులుగా లెక్కగట్టి, వారికి ఛాయాగ్రహాలని పేరు పెట్టింది. క్షీరసాగర మథనంలో అమృతం తాగిన రాహువు సూర్యచంద్రులపై పగబట్టిన కథను చిన్నప్పుడు విన్నవాళ్ళమే అందరమూ. ఆ కథనూ ఆ గణితాన్నీ ఒకే పంచాంగంలో పెట్టుకుని, ఒకదానికోసం మరొకదాన్ని పారవేయకుండా ఇంతకాలం నడిచినవారు మన పెద్దలు.

ఇంట్లో పాటించే గ్రహణ నియమాల విషయానికి వస్తే, మావైపు ఊళ్ళలో ఇప్పటికీ కొన్ని ముచ్చటైన ఆచారాలు ఉన్నాయి. పాలు, పెరుగు, పచ్చళ్ళ జాడీల మీద గరిక పోచలు వేస్తారు, పట్టుస్నానం, విడుపుస్నానం చేస్తారు. గ్రహణం పట్టే వేళకు ఇత్తడి తాంబాళంలో నీళ్ళు పోసి రోకలి నిలబెడతారు. వరసకు పెద్దమ్మ అయ్యే ఒకావిడ ఈ పని చేస్తుండగా దగ్గర కూర్చుని చూశాను. రోకలిని రెండు అరచేతుల నడుమ పట్టుకుని, అడుగున ఉన్న ఇనుప పొన్ను తాంబాళం మధ్యకు వచ్చేదాకా వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, ఊపిరి బిగబట్టి వేళ్ళు ఒక్కొక్కటే తీసివేసింది. నీళ్ళలో చిన్న అల కూడా లేకుండా రోకలి నిలబడింది. ‘నిలవడ్డది బిడ్డా, ఇగ పట్టింది, తానాలు చేయుండ్రి’ అన్నది. పొన్ను సమంగా ఉంటే, చెయ్యి నిలకడగా ఉంటే, రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. అయినా పెద్దమ్మ చేతుల్లో ఆ కాసేపు ఉన్న ఏకాగ్రతను నేను జపంగానే లెక్కిస్తాను, అందులో నాకు సందేహం లేదు.

అయితే భయం మాత్రం మనం దాటవలసిన విషయమని గట్టిగా చెప్పదలచుకున్నాను. చంద్రగ్రహణాన్ని కంటితో చూస్తే కంటికి ఏ హానీ లేదు. నేరుగా చూడకూడనిది సూర్యగ్రహణం. నిండు చూలాలిని మూడు జాముల పాటు కదలకుండా, నీళ్ళు కూడా తాగనీయకుండా పడుకోబెట్టడం వల్ల ఆమెకు బాధే తప్ప బిడ్డకు ఒనగూరేది ఏమీ లేదు. శాస్త్రం గ్రహణకాలాన్ని అశుభమని చెప్పి వదిలిపెట్టలేదు, ఆ సమయంలో చేసిన స్నానం, జపం, దానం అనేక రెట్లు ఫలిస్తాయని చెప్పింది. చాలా ఆలయాలు తలుపులు వేసుకునే ఆ వేళ శ్రీకాళహస్తీశ్వరుని ఆలయం తెరిచే ఉంటుంది, అక్కడ గ్రహణ సమయంలో స్వామికి అభిషేకాలు జరుగుతాయి.

చంద్రుని మీద కూడా ఎన్నడూ వీడని నీడలు ఉన్నాయన్న సంగతి ఈ చింతనకు దగ్గరది. భూమి అక్షం ఇరవై మూడున్నర డిగ్రీలు వాలి ఉంటే, చంద్రునిది సుమారు ఒకటిన్నర డిగ్రీ మాత్రమే వాలి ఉంటుంది. అందువల్ల అక్కడి ధ్రువాల దగ్గర లోతైన బిలాల అడుగుకు కోట్ల ఏళ్ళుగా ఎండ సోకలేదు. మైనస్ రెండు వందల డిగ్రీలకు దిగువనున్న ఆ చలిలో నీరు మంచుగా నిలిచి ఉంటుంది. 2008 అక్టోబర్ 22న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-1లోని పరికరం పంపిన సమాచారంతో చంద్రుని నేలపై నీటి జాడ ఉన్నట్టు 2009లో ప్రకటించారు. అదే ఏడాది అక్టోబర్ 9న అమెరికా శాస్త్రవేత్తలు దక్షిణ ధ్రువం దగ్గరి కేబియస్ బిలంలోని శాశ్వత ఛాయలోకి ఒక రాకెట్ భాగాన్ని కూల్చి, లేచిన ధూళిలో నీటిని గుర్తించారు. పైన చెప్పిన ఆర్యభటుని శ్లోకం ‘చంద్రో జలమ్’ అనే మొదలవుతుంది. దీన్ని పట్టుకుని ఆయనకు అంతా ముందే తెలుసని చాటడం ఆయనకూ న్యాయం కాదు, రాత్రింబవళ్ళు శ్రమించిన ఈనాటి శాస్త్రవేత్తలకూ న్యాయం కాదు. గంగనూ చంద్రునీ ఒకే జటాజూటంలో చూసుకుని పెరిగిన మనకు, సోముని నీడలో నీరు దొరికిందన్న వార్త మిగతా లోకానికంటే కొంచెం ఎక్కువ ఆనందాన్ని ఇవ్వడం మాత్రం సహజమే.

2023 ఆగస్టు 23న, శ్రావణ శుద్ధ సప్తమినాడు, సాయంత్రం ఆరు గంటల నాలుగు నిమిషాలకు చంద్రయాన్-3 విక్రమ్ దక్షిణ ధ్రువ ప్రాంతానికి దగ్గరగా దిగింది. అది దిగిన చోటికి శివశక్తి అని పేరు పెట్టారు. అది సౌరశక్తితో పనిచేసే నౌక కనుక, ఆ చోట తెల్లవారిన తరువాతనే దిగేలా ముహూర్తం చూశారు. ఆ నేలపై పగలు మనకు పద్నాలుగు రోజులు. అంటే ఆ సాయంత్రం మన ఆకాశంలో సగానికి చేరువైన చంద్రబింబంపై వెలుగూ నీడా కలిసే గీతకు కొంచెం ఇవతల, అప్పుడే పొద్దు పొడిచిన నేల మీద, మనవాళ్ళు పంపిన నౌక నిలబడి ఉంది. అక్కడ కూడా అరుణోదయం తరువాతే దర్శనం.

నమకం మొదటి అనువాకంలోనే ‘అసౌ యస్తామ్రో అరుణ ఉత బభ్రుః సుమంగళః’ అని అదే తామ్రుణ్ణి, అదే అరుణుణ్ణి కీర్తించి, కాస్త తరువాత ‘ఉతైనం గోపా అదృశన్నదృశన్నుదహార్యః, ఉతైనం విశ్వా భూతాని స దృష్టో మృడయాతి నః’ అంటుంది. ఆయనను పశువుల కాపరులు చూశారు, నీళ్ళు మోసే స్త్రీలు చూశారు, సమస్త ప్రాణులూ చూశాయి, అలా కనిపించిన ఆయన మనకు సుఖం కలిగించుగాక అని అర్థం. ఇక్కడ పండితుని పేరు లేదు, దర్శనానికి అర్హత అడగలేదు. మొదలు నుంచి విడుపు దాకా మనకు పూర్తిగా కనిపించే సంపూర్ణ చంద్రగ్రహణం మళ్ళీ 2028 డిసెంబర్ 31 రాత్రి వస్తుంది. పది గంటల ప్రాంతంలో చంద్రుడు నిండునీడలో, తూర్పు ఆకాశంలో బాగా ఎత్తున ఉంటాడు. పట్టుస్నానం ముగించుకుని పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకుని పానగల్లు చెరువైన ఉదయసముద్రం కట్ట మీదికో, మీ ఊరి చెరువు కట్ట మీదికో, కనీసం మేడ మీదికో వెళ్ళండి. చలికాలం కనుక కంబళ్ళు తీసుకుపోయి, మెడ నొప్పి పుట్టకుండా వెల్లకిలా పడుకునే చూడవచ్చు. నమకం వచ్చినవారు ఎనిమిదో అనువాకం చదవండి, రానివారు ‘నమస్తామ్రాయ చారుణాయ చ’ అన్న ఆ రెండు నామాలు చాలనుకోండి, ఆ ఎరుపు ఎక్కడెక్కడి ఉదయాల నుంచి వచ్చిందో పక్కనున్న పిల్లలకు చెప్పండి.