అరవై రెండు రిఫరెన్సులు, ముగ్గురు గైడ్‌లు

నిన్న రాత్రి ప్రూఫు సరిచూసి తిరిగి పంపేశాను. మొలకెత్తే రాగుల్లో ఫాస్ఫరస్‌ని విడిపించే ఫైటేజ్ ఎంజైమ్ మీద పేపరు. ప్రయోగాలకు ఎనిమిది నెలలు, రాయడానికి నెలన్నర పట్టింది. అవేవీ నన్ను పెద్దగా ఏడిపించలేదు. ఏడిపించింది చివర్లో ఉండే నాలుగు పేజీల రిఫరెన్సుల జాబితా. ప్రయోగం పాడైతే అయ్యో పాపం అంటారు. రిఫరెన్సుల్లో కామా తప్పితే మాత్రం ఈ పాటి పని కూడా చేతకాదా అంటారు.

మొదట పంపిన జర్నల్ ఏపీఏ పద్ధతి అడిగింది. వాక్యం పక్కన బ్రాకెట్లో రచయిత ఇంటిపేరు, సంవత్సరం రాస్తే చాలు. పది రోజుల్లో పేపరు వద్దన్నారు. రెండో జర్నల్‌ది వాంకోవర్ పద్ధతి. అక్కడ వ్యాసంలో పేర్లుండవు, వచ్చిన వరుసలో అంకెలు వేసుకుంటూ పోవాలి. జాబితాలో ఆరుగురు రచయితల దాకా రాసి, ఇంకా ఉంటే ‘ఎట్ ఆల్’ (తదితరులు) అని పెట్టాలి. జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ అని పూర్తిగా రాస్తే తప్పు, ‘జె బయొల్ కెమ్’ అనాలి, అదీ చుక్కల్లేకుండా. పేజీలు 284 నుంచి 287 అయితే 284-7 అని వేయాలి. నేనేమో అప్పటికున్న 60 రిఫరెన్సులూ చేత్తో టైపు చేసుకుని కూర్చున్నాను.

యూనివర్సిటీ గేటు ఎదురుగా థీసిస్‌లు బైండింగ్ చేసే షాపులో ‘అన్ని స్టైళ్లూ చేయబడును’ అని బోర్డు ఉంది. పదిహేను వందలు తీసుకుని రెండు రోజుల్లో ఇచ్చాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. అంకెలన్నీ వాడు చేత్తో కొట్టాడన్న సంగతి, మా గైడ్ గారు పరిచయంలో ఒక వాక్యం, దానికి రెండు రిఫరెన్సులు చేర్చమన్నప్పుడు గానీ తెలియలేదు. ఐదో నంబరు నుంచి అన్నీ రెండేసి జరగాలి. రాత్రి ఒంటిగంట దాకా జరిపాను. ‘12-15’ అని గుత్తగా ఉన్నదాన్ని మర్చిపోయాను. జర్నల్ ఆఫీసు రివ్యూకి కూడా పంపకుండా వెనక్కి కొట్టింది. షాపువాణ్ణి అడిగితే, ‘ముందే ఫైనల్ చేసుకుని రావాలి మేడం’ అన్నాడు. ఆ షాపుకి మాత్రం వెళ్లకండి, ఏ షాపుకీ వెళ్లకండి.

రిఫరెన్సులు అమర్చిపెట్టే సాఫ్ట్‌వేర్ జొటేరో ఉచితం. ల్యాబ్‌లో జూనియర్ ఒక మధ్యాహ్నంలో నేర్పేసింది. మంత్రదండం బొమ్మ నొక్కి డీఓఐ (ఒక్కో పేపరుకీ ఉండే గుర్తింపు సంఖ్య) పడేస్తే వివరాలన్నీ అదే లాక్కొస్తుంది, స్టైల్ మార్చితే జాబితా మొత్తం మారిపోతుంది. శీర్షికలో రాగి శాస్త్రీయ నామాన్ని ఇటాలిక్ చేయడానికి ముందూ వెనకా ఐ ట్యాగులు పెట్టాలి, అంతే. ఇంత సులువా అని పొంగిపోయి, ఏమీ చూడకుండా ప్రింటు తీసి సార్ టేబుల్ మీద పెట్టాను.

ఆయన రూములో అప్పుడు ఇద్దరు స్కాలర్లు, పక్క డిపార్ట్‌మెంట్ మేడం ఒకరు టీ తాగుతున్నారు. సార్ ఎర్ర పెన్ను తీశారు.

‘14లో నేనున్నాను. బాగుంది. 29లో నా ఇంటిపేరు పెట్టుకుని ఇంకొకడున్నాడు. 37లో వీడెవడమ్మా?’

37 కూడా ఆయనే. సార్ పేరు చివర రావు. ఆయన పేపర్లలో ఒక జర్నల్ ‘రావు’ని ఇంటిపేరు చేసింది, ఇంకోటి అసలు ఇంటిపేరునే పెట్టింది, ఒక డేటాబేస్ మధ్యలో ఉన్న సొంత పేరుని ఇంటిపేరనుకుంది. అలా ఒక్క గైడ్ ముగ్గురయ్యారు. పైగా 14, 37 ఒకే పేపరు! ఒకటి జర్నల్ సైటు నుంచి, ఇంకోటి ఆ డేటాబేస్ నుంచి తెచ్చుకున్నాను. పేర్లు వేరు కాబట్టి సాఫ్ట్‌వేర్ పసిగట్టలేదు, అక్షర క్రమం కాదు కాబట్టి నా కంటికీ పక్కపక్కన పడలేదు.

తప్పు నాదే, కానీ మూలం ఎక్కడుందో కూడా చెప్పాలి. పాశ్చాత్యులకి ఇంటిపేరు చివర వస్తుంది, మనకి మొదట వస్తుంది. సాఫ్ట్‌వేర్ చివరి ముక్కని పట్టుకుని అదే వంశం అనుకుంటుంది. గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో రాసిన పేపరుని లోకమంతా ‘రావు సి ఆర్’ అనే ఉదహరిస్తుంది. ఆయన వంశం పేరు ‘సి’ అన్న ఒక్క అక్షరంలో ముడుచుకుపోయింది. ఈ లెక్కన మన రావులూ రెడ్లూ లక్ష్ములూ అందరూ ఒకే ఇంటివాళ్లు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. పెన్ను 22 దగ్గర ఆగింది.

‘సుబ్బా రావు వై. వాల్యూమ్ 60. ఈ పేపరు చూశావా?’

ఫాస్ఫరస్ కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అది. నేను రోజూ టెస్ట్‌ట్యూబులో ఆ నీలం రంగు తెప్పిస్తూనే ఉన్నాను. పేపరు మాత్రం ఎప్పుడూ తెరవలేదు. సీనియర్ థీసిస్ నుంచి దించాను, అతను తన సీనియర్ నుంచి దించాడు. ఆ ముక్క చెప్పలేక నించున్నాను.

‘మీది భీమవరం కదూ?’ అన్నారు సార్. అవును. ఆ పద్ధతి పేరులోని యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టింది అక్కడే. ఎనిమిదో తరగతిలో ఆయన మీద వ్యాసం రాసి జిల్లాలో మొదటి బహుమతి కొట్టినదాన్ని. ‘మీ ఊరి మనిషి పేరు కూడా సరిగ్గా రాయలేదన్నమాట.’ మేడం నవ్వాపుకోవడానికి టీ కప్పు అడ్డం పెట్టుకున్నారు. ఆ కప్పు మీది గులాబీ పువ్వు నాకింకా గుర్తుంది.

ఆ రాత్రి అసలు పేపరు తెరిచాను. అదేమీ దొరకనిదీ కాదు, జర్నల్ సైటులో ఉచితంగానే ఉంది. 1925, వాల్యూమ్ 66, పేజీలు 375-400. ఇంగ్లిష్‌లో ‘సుబ్బారావు’ ఒకే మాట, చివర డబ్ల్యూ. మేము దాన్ని రెండు ముక్కలు చేసి, చివరన యూ పెట్టి, వాల్యూమ్ మార్చి, తరం నుంచి తరానికి అందించుకుంటున్నాం.

తర్వాత వారం రోజులు 61 పేపర్లకీ మొదటి పేజీ తెరిచాను. రచయిత తన పేరుని ఆ పేపరులో ఎలా అచ్చువేయించుకున్నారో అలాగే ఉంచాలన్నది నియమం, మనం దిద్దకూడదు. అందుకని 37 కొట్టేసినా 29 అలాగే ఉంది. ‘అంటే ఇద్దరిగా మిగిలానన్నమాట’ అన్నారు సార్, కొంచెం ముభావంగానే. 61లో తొమ్మిదింటికి ఏదో ఒక తప్పుంది. మధ్యలో ఒక స్కాలర్, ‘చాట్‌బాట్‌కి ఇస్తే క్షణంలో చేస్తుంది అక్కా’ అంటే పది ఇచ్చి చూశాను. అమరిక అందంగానే ఉంది. రెండు డీఓఐలు నొక్కితే మాత్రం చేపల మీద పేపర్లు తెరుచుకున్నాయి.

రెండోసారి పంపితే జర్నల్ ఆఫీసు ఒక్క మాట అనలేదు. రివ్యూ చేసిన ఇద్దరూ ప్రయోగాల మీదే అడిగారు, వాటికి నాలుగు రోజుల్లో జవాబిచ్చేశాను.

నిన్నటి ప్రూఫులో మొదటి ప్రశ్న: రచయితల పేర్లలో ఏది సొంత పేరో, ఏది ఇంటిపేరో రంగులు వేశాం, సరిగ్గా ఉన్నాయా? నా పేరు చివర లక్ష్మి. లక్ష్మికి ఇంటిపేరు రంగు వేసి, మా ఇంటిపేరుని సొంత పేరు కింద చూపించారు. నా పాత పేపర్లు రెండూ అలాగే అచ్చయ్యాయి. ఇప్పుడు మారిస్తే నేనూ ఇద్దరినవుతాను. సరిగ్గానే ఉందని టిక్కు పెట్టి పంపేశాను.